మొదటి మజిలీ

దూరప్రయాణము తలపెట్టినపుడు మన పూర్వులు మొదట విచారించినది వాహనమును గూర్చి కాదు, మజిలీని గూర్చి. ఎచ్చట ప్రొద్దుగ్రుంకును, ఎచ్చట మంచినీరు దొరకును, ఎచ్చట చెట్టునీడ గలదు, పొయ్యి రాజేసికొనుటకు చోటిచ్చువారెవరు అను ప్రశ్నలకు సమాధానము చిక్కిన పిమ్మటనే గడప దాటెడివారు. ముహూర్తము మించిపోవుచున్నను ఏర్పాట్లు ముగియనిచో, ఒక వస్త్రమునో కొంత సామానునో పొరుగింట నుంచి "ప్రస్థానము" పెట్టుకొనెడివారు. దానితో యాత్ర ఆరంభమైనట్లే. అయినను మరచిన వస్తువునకై ఇంటికి పోయివచ్చుటకు వీలుండెడిది. ఈ ఆచారమును మూఢవిశ్వాసమని నవ్వినవారు పెక్కురు. అందలి లోకజ్ఞానమును గ్రహించినవారు కొందరే.

నేడు ఆ ఆచారము మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము గలదు. కారునే ఇల్లుగా చేసికొని, వెనుకసీట్లను మడచి పరుపు పరచి, రాత్రులందులోనే నిద్రించుచు వారముల తరబడి దేశమును చుట్టివచ్చు అలవాటు మన తెలుగునాటను కానవచ్చుచున్నది. 2020లో కరోనా వ్యాధి ప్రబలి, హోటలు గదులన్నను క్రిక్కిరిసిన రైలుపెట్టెలన్నను జనులు జంకిన కాలమున దీనికి బలము చేకూరెను. ఇది కలవారి వేడుక యని త్రోసివేయుట తగదు. వాయిదాలపై చిన్నకారు కొనుక్కొన్న గుమాస్తాకు, ఉద్యోగము చాలించుకొన్న ఉపాధ్యాయ దంపతులకు, దినదినమును గది అద్దె చెల్లింపకయే కాశ్మీరమును కన్యాకుమారిని చూచుటకు ఇది యొక మార్గము. ఐనను కారు కొన్నంతమాత్రమున ఎవడును యాత్రికుడు కాడు. ఆగుట నేర్చినవాడే యాత్రికుడు.

హైదరాబాదునుండి పడమటికి బయలుదేరినవారికి మొదట మొయినాబాదు, పిమ్మట చేవెళ్ల తగులును. చేవెళ్లనుండి దక్షిణమునకు మరలిన షాబాదు చేరుదుము. ఇది రంగారెడ్డి జిల్లాలో ఒక మండలకేంద్రము. మన ఇండ్లలో నేలకు పరచు షాబాదు బండలకు పేరిచ్చిన ఊరు కర్ణాటకమున కలబురగి జిల్లాలోని షాహాబాదు. ఈ షాబాదు వేరు. దీనికి ఉత్తరమున చేవెళ్లమీదుగా బీజాపూరు బాట గలదు. దక్షిణమున షాద్‌నగరువద్ద శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారి గలదు. 3,700 కిలోమీటర్లకు పైబడిన ఆ రహదారి దేశమున అన్నిటికంటె పొడవైనది. పడమటికి పోదలచినవాడును, దక్షిణమునకు పోదలచినవాడును షాబాదున ఒకరాత్రి నిలిచి తెల్లవారి దారి నిర్ణయించుకొనవచ్చును. ఒకవైపు కూరగాయల మడులు, పత్తిచేలు, లంబాడీ తాండాలు. మరియొకవైపు చందన్‌వెల్లిలో వెలసిన కార్ఖానాలు, వాని లారీలు. పల్లెయు నగరమును ఒకదానినొకటి ఒరసికొనుచున్న చోటిది.

దూరయాత్రకు బయలుదేరువారు మొదటిరాత్రిని వందల కిలోమీటర్ల యవతల కాక, ఇంటికి ఒకటి రెండు గంటల దారిలో ఇట్టి యూరనే గడపవలెనని మా సలహా. ఇదియే నేటి ప్రస్థానము. ఇంటివద్ద కూర్చుండి వ్రాసికొన్న జాబితాలు నేర్పని పాఠములను ఆ యొక్కరాత్రి నేర్పును. బండి ఏటవాలుగా నిలిచినచో తల పల్లమునకు జారి నిద్రపట్టదని అప్పుడు తెలియును. చేతిదీపము సామానుల అడుగున పడియున్నదని అప్పుడు తెలియును. తెచ్చిన నీరు ముఖము కడుగుకొనుటకే సరిపోయెనని అప్పుడు తెలియును. అవసరము లేని వస్తువులెన్ని మోసికొనివచ్చితిమో కూడ అప్పుడే తెలియును. తెల్లవారి ఇంటికి మరలి కొరతను తీర్చుకొని, అధికమును దించివేసి మరల బయలుదేరినచో సిగ్గుపడవలసిన పనిలేదు. అదే కొరత నర్మద యొడ్డున బయటపడిన, యాత్రయే భంగపడును.

కొన్ని విషయములందు మాత్రము అనుభవమునకై వేచియుండరాదు, ముందుగనే తెలిసికొనవలెను. తలుపులన్నియు బిగించి, ఇంజను నడుపుచు, చల్లనిగాలి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము. ఇంజను వెలువరించు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు మేలుకొనకయే మరణింపవచ్చును. కారులోపల పొయ్యిగాని బొగ్గుల కుంపటిగాని వెలిగించుటయు అంతియే. ఇంజను ఆపి, అద్దములను రెండువ్రేళ్ల మేర దించి, వానికి దోమతెర గుడ్డ కట్టుకొనవలెను. టైర్లలోని గాలిని బండి చల్లగా నున్నపుడే కొలిపించవలెను. స్టెప్నీ టైరును జాకీని ఇంటిముంగిటనే ఒకసారి వాడి చూడవలెను. చీకటిలో, వానలో అది మొదటిసారి నేర్చుకొనదగిన విద్య కాదు. ఏ రాత్రి ఎచ్చట ఆగుదుమో ఇంటనున్నవారికి తెలిపి పోవలెను. ఆపదలో ఎల్లరకును 112, జాతీయ రహదారులపై 1033 అను టెలిఫోను సంఖ్యలను కుటుంబమందలి పిన్నలకును నేర్పియుంచవలెను.

ఈ విద్యలో మనకు గురువులు లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న స్వస్థలము చేరిరి. ఇంచుమించు నూరుమంది పరివారము, పల్లకీలు, డేరాలు వారి వెంట నడచెను. కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదులమీదుగా సాగిన ఆ యాత్రను వారు మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి ఎప్పటికప్పుడు వ్రాసి పంపగా, 1838లో అది కాశీయాత్ర చరిత్రముగా అచ్చుపడెను. ఆ గ్రంథమును విప్పినవారికి ఊరూరి వసతులు కనబడును. అంగళ్లు గల ఊరేది, నీరు సమృద్ధిగా నున్న ఊరేది, దిగుటకు చోటేది, బాట యెట్టిది అను వివరములు వెనుక వచ్చువారి మేలునకై వ్రాసిపెట్టబడినవి. ఒక దినమున ఎంతదూరము పోయితిమను గొప్ప అందు వెదకినను దొరకదు. తాను నడచిన దారిని ఇతరులకు సుగమము చేయుటయే ఆ మహనీయుని సంకల్పము.

తెలుగున "బిడారు" అను చక్కనిమాట గలదు. ఎద్దులపై సరకులెత్తి, ఆలుబిడ్డలతో, డేరాలతో దేశములు తిరుగు వర్తకుల సమూహమునకది పేరు. చేవెళ్ల, షాబాదు ప్రాంతముల తాండాలలో నివసించు లంబాడీల పూర్వులు అట్టివారే. దక్కనుకు వచ్చిన సేనలకు ధాన్యమును, పల్లెలకు ఉప్పును మోసినది వారి ఎద్దులే. తాండా యను శబ్దమునకే బారులుతీరిన బిడారని యర్థము. ఆగిన బిడారే ఊరైనది. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో పెక్కు తాండాలు గ్రామపంచాయతీలై స్వయంపాలన పొందినవి. గోలకొండ చెంత హైదరాబాదున కార్వాన్ అను పేట పేరు సైతము బిడారులు దిగిన చోటునకు గుర్తే.

ఇప్పటికిని ఆ జీవనము మనయెదుట నడచుచునే యున్నది. పాలమూరు గొల్లకురుమలు గొఱ్ఱెలమందలతో మేతకై నెలల తరబడి తిరుగుదురు. రాత్రివేళ మందను ఎవరి చేనిలో ఆపిన ఆ రైతు వారికి ధాన్యమో రూకలో ఇచ్చును. చేనికి ఎరువు దక్కును, కాపరికి చోటు దక్కును. పరుల నేలపై ఒకరాత్రి నిలిచినవాడు ఆ నేలకు మేలు చేసి పోవు పద్ధతి యిది. కారులో ఇల్లు కట్టుకొని తిరుగు నాగరికుడు ఆరంభించినది క్రొత్తవిద్య యని తలపరాదు. అది ఆ కాపరికి వెన్నతో పెట్టిన విద్య. దానిని ఆతనియొద్దనే నేర్చుకొనవలెను.

పూర్వపు ప్రభువులు బాటను ఎట్లు భావించిరో చూతము. షాబాదునుండి దక్షిణమునకు 44వ రహదారిపై పోవువారు బీచుపల్లివద్ద కృష్ణను, కర్నూలువద్ద తుంగభద్రను దాటి గుత్తి చేరుదురు. గుత్తికి చేరువనే ఎఱ్ఱగుడి కొండరాళ్లపై అశోకుని శాసనములు గలవు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున చెక్కించిన ఆ శాసనములలో, బాటలవెంట బావులు త్రవ్వించుట, చెట్లు నాటించుట రాజు చేసిన పనులుగా పేర్కొనబడినవి. మనుష్యులకు మాత్రమే కాదు, పశువులకును అని అందు స్పష్టముగా నున్నది. అనగా బాట యన్నది రెండు ఊళ్లనడుమ దూరము మాత్రమే కాదు. అలసిన ప్రాణిని ఆదుకొనవలసిన ధర్మము గూడ.

ఆ ధర్మమునకు సాక్షులుగా చేవెళ్ల బాటకు ఇరుప్రక్కల మఱ్ఱిచెట్లు నిలిచియున్నవి. అప్పా కూడలినుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల పొడవున ఇంచుమించు 900 వృక్షములు గలవని లెక్క. నిజాముల యేలుబడిలో నాటినవని చెప్పుదురు. ఈ బాటను వెడల్పు చేయ తలపెట్టినపుడు వృక్షరక్షణకై కొందరు జాతీయ హరిత ట్రిబ్యునలును ఆశ్రయించిరి. వెడల్పు కావలెననువారి మాటలోను వేదన గలదు. 2025 నవంబరు 3న చేవెళ్లకు సమీపమున మీర్జాగూడవద్ద కంకర నింపిన టిప్పరు, తాండూరు వైపునుండి వచ్చుచున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది ప్రాణములు పోయెను. కన్నవారు బిడ్డలను, బిడ్డలు కన్నవారిని పోగొట్టుకొన్న ఆ దినమును ఈ ప్రాంతము మరువలేదు. ఇరుకుబాట పనికిరాదనుట న్యాయమే. కాని బాటను వెడల్పు చేయుటయు చెట్టును నిలుపుటయు ఒకదానికొకటి శత్రువులని తలచుట న్యాయము కాదు. ఎన్ని చెట్లను నిలుపవచ్చునో అన్నిటిని నిలిపి, వాని నీడను వాహనములాగు చోటుగా మలచుట ఇంజనీర్లకు అసాధ్యమైన పని కాదు.

ఏలయనగా మన రహదారులపై కొరవడినది వేగము కాదు, విశ్రాంతి. 2022లో దేశమున 4,61,312 రోడ్డుప్రమాదములు సంభవించి 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వ నివేదిక. దినమునకు 460 మందికి పైగా. మితిమీరిన వేగమే అన్నిటికంటె పెద్దకారణమని ఆ లెక్కలే చెప్పుచున్నవి. ఆ వేగమున కనులు మూతలుపడుటయు తోడైన ఎవరు కాపాడగలరు? మోటారు రవాణా కార్మికుడు దినమునకు ఎనిమిదిగంటలకు మించి పనిచేయరాదనియు, అయిదుగంటల పనికి పిమ్మట అరగంట విశ్రాంతి యుండవలెననియు 1961 నాటి చట్టము శాసించియుండెను. చట్టము విశ్రాంతి నిచ్చినది. బాట చోటు నీయలేదు. డ్రైవరు తన లారీని రహదారి అంచుననే నిలిపి కన్నుమూయును. వెనుకవచ్చు కారువాడు చీకటిలో దానిని గానక పోయి గుద్దుకొనును. ఇట్టి వార్త లేని వారము మన పత్రికలలో అరుదు.

కారులో నిద్రించువాని సమస్యయు, లారీలో నిద్రించువాని సమస్యయు ఒక్కటే. మొదటివాడు వేడుకకై, రెండవవాడు పొట్టకూటికై ఇల్లు విడిచినాడు, భేదమంతియే. 2025 అక్టోబరునుండి తయారగు పెద్ద లారీలలో డ్రైవరు గదికి చల్లనిగాలి యంత్రము నిర్బంధమైనది. సంతోషమే. జాతీయ రహదారులపై 40 మొదలు 60 కిలోమీటర్లకొకచోట విశ్రాంతి వసతులు కల్పింతుమని ప్రభుత్వము ప్రకటించినది. అదియు సంతోషమే. కాని జాతీయ రహదారి దిగి షాబాదు వంటి మండలములలో ప్రవేశించిన క్షణమునుండి బాటసారికి దిక్కు పెట్రోలుబంకుగాని, తెరచియున్న టీదుకాణముగాని తప్ప మరియొకటి లేదు. ఆడువారితో, పసిబిడ్డలతో పోవువారి యిబ్బంది చెప్పనలవి కాదు.

ఇతర దేశముల అనుభవమునుండి ఒక మాట గ్రహింపదగియున్నది. అమెరికాలో ఫోర్డు కంపెనీ చౌకకార్లు ఇంటింటికి వచ్చిన దినములలో జనులు డేరాలు కట్టుకొని కుటుంబములతో బయలుదేరిరి. అట్టివారు 1919లో ఫ్లోరిడా రాష్ట్రమందలి టాంపాలో "టిన్ క్యాన్ టూరిస్టులు" అను పేర సంఘమును స్థాపించుకొనిరి. పట్టణములు పోటీపడి వారికి ఉచితముగా మైదానములను, నీటిని, దీపములను ఏర్పరచెను. కొలదికాలమునకే పేదవారు, పనికై తిరుగువారు అచ్చటికి చేరుచున్నారని రుసుములు విధించి, వారిని తొలగించెను. పిమ్మట మైదానములు పోయి అద్దె కుటీరములు, మోటళ్లు వెలసెను. ఉన్నవానికి పడక దొరకెను, లేనివానికి ఉన్న మైదానము కూడ పోయెను. మనము మజిలీలను కట్టదలచినచో ఆ పొరపాటు మనయొద్ద జరుగరాదు.

అతిథి ఎట్లుండవలెనో, ఆతిథ్యమెట్లుండవలెనో మనకు మహాత్ముడే నేర్పియున్నాడు. 1930 మార్చి 12న సబర్మతినుండి దండికి బయలుదేరుటకు ముందే, దారిలోని గ్రామములనుండి తామేమి కోరుదురో ఆయన ప్రకటించెను. అతి సామాన్యమైన భోజనము, పరుండుటకు నేల, మరుగుదొడ్డికి తగిన స్థలము, ఇంతే. ముందుగా పోయిన విద్యార్థిదళము ఆ యేర్పాట్లలో గ్రామస్థులకు సాయపడెను. మార్చి 29న భాట్‌గామ్‌లో, సూరతునుండి మోటారులారీలో పాలు తెప్పించుటయు, కూలివాని తలపై బరువైన దీపమును మోయించి త్వరత్వరగా నడిపించుటయు విని ఆయన మనస్సు నొచ్చుకొని, తన అనుచరులను బహిరంగసభలోనే మందలించెను. పేదవాని భుజముపై మన సుఖమును మోపరాదని ఆయన భావము. దండియాత్రను స్మరించువారు ఉప్పును స్మరింతురు. ఆ భాట్‌గామ్ రాత్రిని గూడ స్మరింపవలెను.

కారుయాత్రికునకు అందుండి కొన్ని విధులు ఏర్పడుచున్నవి. చేనిగట్టున బండి నిలుపుటకు ముందు రైతును అడుగవలెను. ఊరిబొడ్రాయివద్దను, పోచమ్మ గుడిముందరను అనుమతి లేక దిగరాదు. పాలు, కూరలు, జొన్నరొట్టెలు ఆ యూరనే కొనవలెను. పట్టణమునుండి అన్నియు మోసికొనివచ్చి పల్లెకు చెత్తను మాత్రమే విడిచిపోవుట కృతఘ్నత. మొయినాబాదు వైపున గండిపేట, హిమాయత్‌సాగరములు గలవు. 1908లో మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట, 1920లో ఒకటి, 1927లో ఒకటి పూర్తియైనవి. వరదనుండి కాచి, దాహము తీర్చిన ఆ చెరువులలో కారు కడుగుట, సీసాలు విసరుట తల్లిపాలలో విషము కలుపుటయే. అడవులకును నియమములు గలవు. శ్రీశైలము దారిలో అమ్రాబాదు పులుల అభయారణ్యముగుండా రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆరువరకు వాహనములను పోనీయరు. అచ్చటి రాత్రి మృగములది, మనము వేచియుండవలెను.

ప్రభుత్వమునకును గ్రామపంచాయతీలకును మా విన్నపము స్వల్పమైనది. షాబాదు మొదలుకొని ప్రతి మండలకేంద్రమున బాటకు చేరువగా కొంత నేలను మజిలీస్థలముగా కేటాయింపవలెను. భవనములు వలదు. చదునుచేసిన నేల, నాలుగు చెట్లు, మంచినీటి కొళాయి, స్త్రీలకు పురుషులకు వేర్వేరు మరుగుదొడ్లు, రాత్రియంతయు వెలుగు దీపము, ఒక కాపలాదారుడు చాలును. భోజనమును మహిళాసంఘములకు అప్పగింపవచ్చును. కార్లవారివద్ద కొలదిపాటి రుసుము గైకొని, లారీ డ్రైవరుకు, గొఱ్ఱెలకాపరికి, కూలికై పోవు కుటుంబమునకు ఉచితముగా విడువవలెను.

దొంగలు చేరుదురు, తాగుబోతులు చేరుదురు అని కొందరు ఆక్షేపింతురు. దీపము లేనిచోటనే దొంగ చేరును. నలుగురు మెలగుచోట చేరడు. ధనమెక్కడిదని మరికొందరందురు. కిలోమీటరు రహదారికి కోట్లు వెచ్చించు దేశమునకు మజిలీకి ఒక కొళాయి, ఒక దీపము భారము కాజాలవు. ఒక్క ప్రాణమును నిలిపినను ఆ ధనము తీరినట్లే.

వేసవి సెలవులు వచ్చును, దసరా వచ్చును, సంక్రాంతి వచ్చును. నగరమునుండి వేలకొలది కార్లు బయలుదేరును. వానిని నడుపువారిలో తెల్లవారకముందే గమ్యము చేరవలెనని రాత్రియంతయు కన్నులు నులుముకొనుచు పోవువారే ఎక్కువ. ఆ కుటుంబములు షాబాదు వంటి యూర ఒకరాత్రి నిర్భయముగా ఆగి, కోడికూతకు లేచి, వేడిరొట్టె తిని, ఉదయపువెలుగులో దారిపట్టగల దినము ఎప్పుడు వచ్చునో అప్పుడే మన రోడ్లు పూర్తియైనట్లు. అంతవరకు మనము వేసినది తారు మాత్రమే, బాట కాదు.